ఎడమ మూల పొక్క

మా బావ లింగమూర్తి బతికున్నన్నాళ్లూ ఒక్క తప్పు కూడా చేయలేదు. ఈ మాట నాది కాదు, ఆయనదే. పొద్దున చాయ్ తాగేటప్పుడు ఒకసారి, సాయంత్రం బీడీ ముట్టించేటప్పుడు ఒకసారి తప్పకుండా అనేవాడు. వినీ వినీ నాకు విసుగొచ్చేది. మొన్న మాఘంలో ఆయన పోయాక ఆ ఇంట్లో చాయ్ చప్పుడు లేకుండా తాగాల్సి వస్తోంది. ఆ విసుగు కూడా ఒక ఆస్తేనని ఇప్పుడు తెలుస్తోంది. అందుకని గుర్తున్నంత రాసిపెడుతున్నాను. పోయినవాళ్ల గురించి మంచే రాయాలంటారు. బావ గురించి ఒట్టి మంచే రాస్తే చదివినవాళ్లు ఎవరో వేరే లింగమూర్తి అనుకుంటారు.

మా వరంగల్ కొత్తవాడలో నేల మీద పరిచే జంపఖానాలు నేసే మగ్గాలు ఇంటింటికీ ఉండేవి. జకార్డు మగ్గాలు మాత్రం చేనేత సంఘం షెడ్డులోనే ఉండేవి. జకార్డు అంటే మగ్గం నెత్తిన కూర్చునే ఒక పెట్టె. దాని ముందు అట్టముక్కల దండ వేలాడుతుంది. అట్ట మీద పొక్క, అంటే చిల్లు, ఎక్కడుంటే అక్కడ పెట్టె నిలువుగా ఉన్న పడుగు దారాన్ని పైకి లేపుతుంది, పొక్క లేనిచోట ఊరుకుంటుంది. ఆ సందులోంచి పేక దారం అడ్డంగా దూరిపోతుంది. ఒక అట్ట అయిపోతే ఇంకో అట్ట. నెమలి కావాలంటే నెమలికి సరిపడా అట్టలు కొట్టి, వరసగా పురికొసతో కుట్టి తగిలించాలి. పొక్క తప్పితే నెమలి తప్పుతుంది. పెట్టె మాత్రం ఇదేంటని అడగదు. సర్కారు ఆఫీసులో గుమాస్తాలాగా పైనుంచి ఏది వస్తే దాన్ని కిందికి దించేసి తన పని అయిందనుకుంటుంది.

ఆ అట్టలకు పొక్కలు కొట్టే పని మా బావది. షెడ్డు కిటికీ పక్కన గోనెపట్టా మీద కూర్చుని, గళ్ల కాగితం ముందు పెట్టుకుని, ఉలితో టకటకమని కొట్టేవాడు. కళ్లద్దాల కాడ విరిగితే దారం కట్టుకుని చెవికి తగిలించుకున్నాడు. మగ్గం గుంటలో దిగి నేసే ఓపిక ఆయన కాళ్లకు ఎప్పుడో పోయింది. అట్టలు కొట్టడం తప్ప వేరే పని రాదు. ఆ పని పోతే ఆడవాళ్లతో కూర్చుని కండెలు చుట్టుకోవాల్సిందే. ఆ సంగతి ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు. ఎవరమూ పైకి అనేవాళ్లం కాదు.

నేతగాడెవరైనా వచ్చి డిజైనులో తప్పు పడుతోందంటే బావ తలెత్తేవాడు కాడు. మగ్గం చూసుకోమనేవాడు. అతను మగ్గం చూసుకుని మళ్లీ వచ్చేవాడు. పడుగు చూసుకోమనేవాడు. అదీ చూసుకుని వస్తే కళ్లు చూపించుకోమనేవాడు. అతను అలా తిరుగుతున్న సందులో బావ ఆ అట్ట తీసి వెలుతురుకు పట్టి చూసి, పొక్క నిజంగానే తప్పితే గబగబా సరిచేసి పెట్టేవాడు. "ఇప్పుడు నెయ్యి, మగ్గం సదురుకున్నది" అనేవాడు. అందుకే కొత్తవాడ మగ్గాలకు తమంతట తామే బాగుపడతాయని ఒక పేరు వచ్చింది.

డెబ్భై ఎనిమిదిలో సంఘానికి కొత్త బిల్డింగు కట్టారు. దాన్ని తెరవడానికి హైదరాబాదు నుంచి పెద్దాఫీసరు వస్తాడని కబురొచ్చింది. స్టేజీ మీద పరచడానికి ఒక పెద్ద జంపఖానా నేయాలన్నాడు అధ్యక్షుడు వెంకటరాజం. ఆయనకు చౌరస్తాలో బట్టల దుకాణం. సంఘంలో అందరం ఆయన్ని సేటు అనేవాళ్లం. ఉన్నదానికి ఇంకోటి తగిలించకుండా ఉండలేని మనిషి. కొత్త బిల్డింగుకు గోపురం పెట్టించి, గోపురానికి గడియారం పెట్టించి, గడియారం మీద వాన పడుతుందని దానికో రేకు పెట్టించాడు. రేకు అడ్డొచ్చి టైము కనపడలేదు.

జంపఖానాకు బావ పాత నెమళ్ల డిజైను ఉండనే ఉంది. సేటుకు అది ఒంటరిగా అనిపించింది. చుట్టూ చిలుకల అంచు తగిలిస్తే బాగుంటుందన్నాడు. అంచు అట్టలు, షెడ్డులో బావలాగే అట్టలు కొట్టే కొమురెల్లికి అప్పజెప్పారు. తర్వాత వారం సేటు కోటకు చుట్టాలను తీసుకుపోయి తోరణాలు చూసొచ్చాడు. రెండు చివర్లా తోరణం ఉండాలన్నాడు. ఆ అట్టలు అదే పని చేసే సాంబయ్యకు అప్పజెప్పారు. నెమళ్లు ఒకరివి, చిలుకలు ఒకరివి, తోరణాలు ఒకరివి. మగ్గం నెత్తిన మూడు పెట్టెలు ఎక్కాయి. ఒక్క ఇంట్లో మూడు పొయ్యిలు పెట్టినట్టుందని బావ నాతో గొణిగాడు. ఆయన బాధ పొయ్యిల గురించి కాదు. నెమళ్ల పక్కన చిలుకలుంటే ఆఫీసరు చిలుకల్నే చూస్తాడేమోనని.

అట్టలు కొట్టేది మగవాళ్లైనా, వాటిని దండగా కుట్టేది ఇంట్లో ఆడవాళ్లు. మా అక్క శకుంతల వేళ్లకు ఆ పని అలవాటు. కానీ అది మేడారం జాతర ఏడు. అక్క, కొమురెల్లి భార్య, సాంబయ్య భార్య ముగ్గురూ ఒకే బండిలో సమ్మక్క దగ్గరికి పోయారు. సేటుకేమో తొందర. దాంతో ముగ్గురు మగవాళ్లూ ఎవరి అట్టలు వాళ్లే కుట్టుకున్నారు. అట్టల కన్నా వాళ్ల వేళ్లకే ఎక్కువ పొక్కలు పడ్డాయి.

ముందు ఒక చిన్న నమూనా నేయించారు. కమిటీ అంతా షెడ్డులో చేరింది. తీర్మానాలు రాసే పని నాది కాబట్టి నేనూ ఉన్నాను. సేటు చెప్పులు విడిచి, పంచె కొద్దిగా ఎత్తి పట్టుకుని, పెళ్లికొడుకులాగా నమూనా మీద అడుగు పెట్టాడు. ఎడమ మూలకు పోయేసరికి కాలి బొటనవేలు దేనికో తగులుకుని ఆయన బోర్లా పడ్డాడు.

సేటు పడ్డాడని ఎవరూ అనలేదు. "సేటు కూసున్నడు" అన్నారు. "అధ్యక్షులవారు నమూనాపై ఆసీనులై పరిశీలించారు" అని నేను రాశాను.

వంగి చూస్తే ఎడమ మూలన, నెమలి, చిలుక, తోరణం కలిసే చోట, పేక దారం పట్టు దొరక్క ఉచ్చులాగా లేచి నిలబడి ఉంది. అంతా ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ముందుగా కత్తెర తెప్పించి ఆ ఉచ్చు కత్తిరించారు. ఉచ్చు పోయింది, దాంతోపాటు ఊడి చిలుక తల కూడా పోయింది. ఇంకో నమూనా నేయించారు, మళ్లీ అక్కడే ఉచ్చు లేచింది. దాని మీద ఆఫీసరు కుర్చీ వేద్దామన్నారు. ఆఫీసరును మూలన కూర్చోబెడితే ఎలా అని ఒకరన్నారు. అయితే వందన సమర్పణ చేసేవాణ్ణి అక్కడ నిలబెడదామన్నారు. ఆ మాట అన్న క్షణం నుంచి వందన సమర్పణకు ఎవరూ దొరకలేదు. చివరికి, దాన్ని తప్పు అని ఎవరూ పిలవగూడదు, మన సంఘం ప్రత్యేకత అని పిలవాలి అని తీర్మానించారు. దాన్నీ నేనే రాశాను.

పేరు మారినా ఉచ్చు పోలేదు. తప్పు ఎవరి అట్టల్లో ఉందో తేల్చాల్సి వచ్చింది. ఒక్కొక్క పెట్టెనూ ఆపి నేసి చూద్దామన్నాడు బావ. మంచి ఉపాయమే. బావ నెమళ్లు ఆపి నేస్తే ఉచ్చు రాలేదు. చూశావా, తప్పు నీదే అన్నాడు కొమురెల్లి. చిలుకలు ఆపి, నెమళ్లు పెట్టి నేశారు. అప్పుడూ ఉచ్చు రాలేదు. ఇప్పుడేమంటావని బావ అడిగాడు. తోరణాలు ఆపితే కూడా రాలేదు. ఎవరిది ఆపినా తప్పు పోతోంది, ముగ్గురివీ ఉంటేనే వస్తోంది. అంటే ప్రతివాడూ తప్పు తనది కాదని నిరూపించుకోవచ్చు, అవతలివాడిదేనని కూడా నిరూపించవచ్చు. అదే లెక్క మీద ముగ్గురూ పొద్దంతా అరుచుకున్నారు. కలిసి బీడీలు తాగే మనుషులు ఎవరి అగ్గిపెట్టె వాళ్లు తెచ్చుకోవడం మొదలుపెట్టారు.

చివరికి సేటు చేయి ఎత్తి అందరినీ ఆపాడు.

"షోలాపూర్‌ల అట్టలు మిషిన్ మీద కొడ్తరట. ఒక్క తప్పుండదట. వచ్చే మీటింగు దాక చూస్త. అప్పటికి ఇది సదురుకోకపోతె అట్టలు ఆడికెళ్లే తెప్పిస్త. ఇగ ఎవల్ని అడగ."

ఆ రోజు నుంచి బావ చాయ్ తాగేటప్పుడు తన మాట అనడం మానేశాడు. చప్పుడు లేకుండా తాగి గ్లాసు కింద పెట్టేవాడు. ఒకసారి కండెలు చుట్టే రాట్నం దగ్గరికి పోయి, దాని పిడి పట్టుకుని తిప్పి చూశాడు. నన్ను చూసి, నూనె వేయాలి అన్నాడు.

జాతర నుంచి అక్క బెల్లం ప్రసాదం, నెత్తినిండా దుమ్ముతో దిగింది. జరిగిందంతా నేనే చెప్పాను. మరునాడు బావకు టిఫిన్ ఇచ్చే వంకన షెడ్డుకు పోయి, మూడు దండల అంచుల మీదా వేలు పెట్టి జరుపుకుంటూ పోయింది. సాయంత్రం ఇంట్లో బావ చాయ్ తాగుతుంటే ఎదురుగా కూర్చుంది. నేనూ పక్కనే ఉన్నాను.

"ఏమయ్యా, నీ అట్టల ఎడమ మూలకు ఒక పొక్క ఎక్కువున్నది."

బావ గ్లాసు కింద పెట్టాడు. "నీకెవరు చెప్పిండ్రు?"

"చెప్పుడేంది, కండ్లు లెవ్వా నాకు? కొమురెల్లి దాంట్ల గూడ ఆడనే ఉన్నది, సాంబయ్య దాంట్ల గూడ ఆడనే ఉన్నది. ముగ్గురికి ఒక్కతీరు చెయ్యి జారిందా?"

"జారలేదు. నేనే కొట్టిన."

అప్పుడు చెప్పాడు, గొంతు తగ్గించి, గోడలు వింటాయేమో అన్నట్టు. పసిపిల్లకు బుగ్గన నల్లచుక్క పెడతాం. కట్టే ఇంటికి బూడిద గుమ్మడికాయ కడతాం. మరి నాలుగు ఊళ్లు చూసే డిజైనుకు దిష్టి తగలదా? అట్టలు కొట్టేవాడు ప్రతి డిజైనుకూ ఎడమ మూలన కావాలనే ఒక పొక్క ఎక్కువ కొడతాడు. ఒక్కటే కాబట్టి ఎవరి కంటికీ ఆనదు. కానీ ఎవరికీ చెప్పగూడదు, చెబితే దాని గుణం పోతుంది. పెళ్లానికి కూడా చెప్పవద్దని వాళ్ల నాయిన చేతిలో చేయి వేయించుకున్నాడట. షెడ్డు మీద పడాల్సిన పిడుగు పక్క చింతచెట్టు మీద పడింది ఆ పొక్క వల్లే. తన పెద్దకొడుకు టైఫాయిడు తగ్గింది ఆ పొక్క వల్లే. సంఘం ఇన్నేళ్లు నడిచి బిల్డింగు లేచింది ఆ పొక్క వల్లే.

అక్క తన వేళ్ల కొసలు చూసుకుంది. ఆమెకు కోపం వచ్చిందనుకున్నాను.

"ప్రతి డిజైనుకు కొడ్తవా?" అని అడిగింది.

"ప్రతిదానికి."

"మొదటికెళ్లి?"

"మా నాయిన దగ్గర పని నేర్సుకున్నకాడికెళ్లి."

అక్క లేచి వంటింట్లోకి పోయింది. కాసేపటికి అక్కడి నుంచే మాట వినిపించింది.

"పొయ్యి కమిటీల చెప్పు."

"చెప్తె గుణం పోతదంటి గదనే."

"చెప్పకపోతె పని పోతది. ఏది పోవాల్నో నువ్వే చూసుకో."

మీటింగు రోజు బావ ఉతికిన చొక్కా వేసుకున్నాడు. సేటు అప్పటికే షోలాపూర్‌కు రాయాల్సిన ఉత్తరం జేబులో పెట్టుకొచ్చాడు. బావ లేచి నిలబడ్డాడు. తప్పును ఒప్పుకోవడం అలవాటు లేని మనిషి కాబట్టి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ముందు పిడుగు గురించి చెప్పాడు. తర్వాత టైఫాయిడు గురించి చెప్పాడు. పొక్క దగ్గరికి వచ్చేసరికి కమిటీలో సగం మంది ఆవలిస్తున్నారు.

"అది తప్పు గాదు. దిష్టి పొక్క," అన్నాడు.

ఆవలింతలు ఆగిపోయాయి. కొమురెల్లి కప్పు వైపు చూశాడు. సాంబయ్యకు దగ్గొచ్చింది.

"నాది గూడ ఉన్నది లింగన్నా," అన్నాడు కొమురెల్లి, ఇంకా కప్పునే చూస్తూ.

"నాదెందుకుండదు?" అన్నాడు సాంబయ్య కొద్దిగా కోపంగా, తనకు పని రాదని ఎవరో అన్నట్టు.

ఒక్కొక్కటే ఉంటే కంటికి ఆనని పొక్కలు. సేటు ముచ్చటపడి మూడు డిజైన్లు ఒక్కచోట కుట్టించేసరికి మూడు దిష్టి పొక్కలూ ఒకే మూలన పక్కపక్కన పడ్డాయి. మూడు పడుగులు ఒకేసారి లేవడంతో పేకకు పట్టు దొరకలేదు. దిష్టి తగలకుండా కొట్టిన పొక్కలే అధ్యక్షుణ్ణి కింద పడేశాయి.

సేటు మోకాలు తడుముకున్నాడు.

"ఇగో, అందుకే షోలాపూర్ అంటాన. మిషిన్ అట్టల ఒక్క తప్పుండది."

కమిటీలో అందరికన్నా పెద్దవాడు రామలింగం. మీటింగుల్లో నిద్రపోయేవాడు. ఆ రోజు మేలుకుని ఉన్నాడు.

"ఒక్కటి గూడ ఉండదా సేటూ?"

"ఒక్కటుండది."

"దిష్టిది గూడ?"

సేటు చేయి జేబులోని ఉత్తరం మీదికి పోయింది. నిప్పులాంటి జంపఖానా ఒకటి, మూలన చుక్కంత తప్పు కూడా లేకుండా, నాలుగు ఊళ్ల కళ్ల ముందు పరుచుకుని ఉన్నట్టు అందరికీ కనిపించి ఉంటుంది.

"మంచిదే. అట్లయితె ఆ అట్టలతోని నేసిన మొదటి జంపఖానా మీ ఇంట్లనే పరుసుకోండ్రి సేటూ," అన్నాడు రామలింగం.

సేటు కోడలు అప్పుడు ఏడో నెలతో ఉంది. ఆయన, మా ఇల్లు జర చిన్నగైతది అన్నాడు. కొత్తవాడలో అంత పెద్ద ఇల్లు ఇంకోటి లేదు. ఇంకెవరి ఇంట్లో పరుస్తారని అడిగితే ఒక్కొక్కరి ఇల్లూ అలాగే చిన్నదైపోయింది. ఉత్తరం సేటు జేబులోంచి బయటికి రాలేదు. షోలాపూర్ అట్టలు మన వరంగల్ ఎండలకు ఆగవని తీర్మానం రాయమన్నారు. రాశాను. ఇకముందు ఎన్ని డిజైన్లు కలిపినా జంపఖానాకు ఒక్కటే దిష్టి పొక్క ఉండాలని, దాన్ని ముగ్గురూ వంతులవారీగా కొట్టాలని ఇంకో తీర్మానం చేశారు. మొదటి వంతు బావది. ఆ పొక్క చుట్టూ చిన్న పువ్వు తగిలిస్తే బాగుంటుందని సేటు అంటుండగా మీటింగు ముగిసింది.

బిల్డింగు తెరిచిన రోజు ఆఫీసరు జంపఖానా మీద ఆ చివరి నుంచి ఈ చివరి దాకా నడిచాడు. వేలు ఎక్కడా తగులుకోలేదు. చిలుకలు బాగున్నాయన్నాడు. నెమళ్ల మాటే ఎత్తలేదు. బావ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు పొద్దున చాయ్ గ్లాసు పట్టుకుని, ఆఫీసరుకు చూపు ఆనదని తేల్చాడు.

"నేనైతె ఒక్క తప్పు చెయ్యలే," అన్నాడు. ఇల్లు మళ్లీ ఇల్లులా అనిపించింది.

ఆ తర్వాత ప్రతి జంపఖానాకూ కమిటీ ఒప్పుకున్న దిష్టి పొక్క పద్ధతిగా పడింది. పద్ధతిగానే సంఘం దిగజారింది. బిల్డింగు గోపురం వానకు ఉరిసింది. ఆర్డర్లు పవర్‌లూములకు పోయాయి. సేటు సంఘం వదిలి రెండో దుకాణం తెరిచాడు. ఎనభై ఐదులో మిగిలిన రెండు జకార్డులకు షోలాపూర్ నుంచే అట్టలు వచ్చాయి. అడ్డు చెప్పడానికి కమిటీ లేదు. అప్పటికి బావకు కళ్లు మసకబారాయి కాబట్టి, పని పోయిందని కాక తానే మానేశానని చెప్పుకునే వీలు దొరికింది. సంఘం ఎందుకిలా అయిందని ఎవరైనా అడిగితే ఆయన దగ్గర జవాబుండేది. పొక్క ఉంది కాబట్టి ఇంతతో పోయింది, లేకుంటే ఏమయ్యేదో అనేవాడు.

బావ దినాలు అయిపోయిన మరునాడు, చుట్టాలు కూర్చున్న జంపఖానాలు అక్కా నేనూ దులిపి మడతపెడుతున్నాం. అన్నీ ఆయన డిజైన్లే. ఒక పాత నెమళ్ల జంపఖానా, అక్క పెద్దకొడుక్కి టైఫాయిడు తగ్గిన ఏడు నేసింది, నా చేతికొచ్చింది. ఎందుకో ఎడమ మూల తడిమాను. నున్నగా ఉంది. కళ్లద్దాలు పెట్టుకుని చూశాను. ఒక్క దారం కూడా తప్పలేదు.

"దేవులాడకు, ఉండది," అంది అక్క.

చేతిలోని కొస వదలకుండానే చెప్పింది. అట్టలు కుట్టేటప్పుడు ప్రతి దండలోనూ ఎడమ మూలన ఒక పొక్క ఎక్కువ కనిపించేదట. తన మొగుడికి చూపు ఆనక తప్పు కొడుతున్నాడనుకుంది. చెబితే చిన్నబోతాడని, కాగితం ముక్కకు లాయి పూసి ఆ పొక్క మూసేసేదట. కొమురెల్లి భార్య, సాంబయ్య భార్య కూడా అంతే. ఉడికించిన మైదా లాయి ముగ్గురికీ ఒకే గిన్నెలో ఉండేది. ఎవరి మొగుడి తప్పు వాళ్లు మూసుకునేవాళ్లు. మేడారం పోయిన ఆ ఒక్కసారే మూసేవాళ్లు లేకపోయారు.

"మరి అటెన్క గూడ మూసిండ్రా?"

"తెలిసినంక ఎందుకు మూస్తం రా? దిష్టి పొక్క గదా."

నేను మనసులో లెక్క వేసుకున్నాను. పిడుగు చింతచెట్టు మీద పడినప్పుడు పొక్క లేదు. టైఫాయిడు తగ్గినప్పుడు లేదు. బిల్డింగు లేచినప్పుడు లేదు. పొక్క నిజంగా పడడం మొదలైంది బిల్డింగు తెరిచినప్పటి నుంచే.

"బావకు చెప్పకపోతివా అక్కా?"

అక్క జంపఖానా మడత మీద చేత్తో ఒకసారి రాసింది, ముడత లేకపోయినా.

"చెప్తె, తెల్లారి చాయ్ తాగుకుంట ఏమంటడు మరి?"